గల్లీ పొడవు లెన్సు

మొన్న అశోక్ చౌక్ దగ్గర ఒక పెళ్లికి వెళ్తే, ఫోటోగ్రాఫరు మోచేయంత పొడవు లెన్సు కెమెరాకు తగిలించుకుని హాలు ఆ చివర నుంచి నా ముఖం మీదికి గురిపెట్టాడు. నేనప్పుడు నోటినిండా లడ్డూ పెట్టుకుని ఉన్నాను. మామూలుగా అయితే నాలుగు మాటలు అనేదాన్ని. ఆ రోజు మాట పెగల్లేదు. లడ్డూ వల్ల కాదు, బావ గుర్తొచ్చి. ఆయనే ఉండి ఉంటే పెళ్లికొడుకు ముఖం కూడా చూడకుండా ఆ ఫోటోగ్రాఫరు పక్కన చేరి, "ఏదీ తమ్మీ, ఓసారి దూరం దిక్కు తిప్పు" అంటూ అతని పనంతా చెడగొట్టేవాడు.

బావ అంటే మా అక్క భర్త. సోలాపూర్‌లో మా తెలుగు నేతవాళ్ల గల్లీలో అక్కావాళ్లది ఒక ఇల్లు, నేను కోడలిగా వచ్చింది దాని పక్క ఇల్లు. మధ్యలో ఒక్కటే గోడ. గోడలకు చెవులుంటాయో లేదో తెలియదు గానీ నాకు మాత్రం ఉన్నాయి. తర్వాత్తర్వాత తెలుగు బడిలో పంతులమ్మనయ్యాను గానీ, నేను చెప్పే ఆ యాభైల రోజుల్లో బీడీలు చుట్టేదాన్ని. చాట ఒళ్లో పెట్టుకుని అక్క మగ్గం పక్కనే కూర్చునేదాన్ని. కాబట్టి ఆ ఇంట్లో జరిగినవన్నీ నా ముందు జరిగినవే.

బావ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మడత అద్దం ఉండేది. బట్టలో పోగులు లెక్కపెట్టే అద్దం. నేసేవాళ్లందరి దగ్గరా ఉంటుంది, కానీ వాళ్లు దాన్ని బట్ట మీద పెడతారు. బావ మనిషి మీద పెట్టేవాడు. ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్లు తాగేలోపు ఆయన ఉత్తరీయం కొస పట్టుకుని, ఎడమకన్ను మూసి, లెక్క మొదలుపెట్టేవాడు. నా పెళ్లిలో మావారి ధోవతి అంచు అలాగే పట్టుకుని, అందరికీ వినపడేలా, "మిల్లుది. మగ్గంది గాదు" అని తేల్చాడు. మా అత్తగారు ఆ మాటను చచ్చేదాకా మరిచిపోలేదు. నాకు వడ్డించేటప్పుడల్లా గుర్తుచేసుకునేది.

దూరాలు కూడా ఆయనకు వేరే. మా గల్లీలో తెల్లవారకముందే పడుగులు సాగదీసేవారు. మగ్గానికి ఎక్కించబోయే నిలువు పోగులన్నీ ఈ చివర గుంజ నుంచి ఆ చివర గుంజ దాకా పరిచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవారు. గల్లీ ఎంత పొడవో పడుగు అంత పొడవు. బావకు అదే కొలత. స్టేషన్ ఎంత దూరం అని ఎవరైనా అడిగితే కోసుల్లోనూ చెప్పడు, మైళ్లలోనూ చెప్పడు. "పడుగు మీద పడుగు ఏసుకుంట పో, ఒస్తది" అనేవాడు. అడిగినవాడు నన్ను చూసేవాడు. నేను బీడీ చుట్టుకుంటూ ఉండేదాన్ని.

ఇంకొకటి, ఆయనకు పిట్టల పిచ్చి. అమావాస్యనాడు మగ్గం ముట్టకూడదని మాకు ఆనవాయితీ. గల్లీలో మిగతా మగవాళ్లు ఆ రోజు పడుకునేవారు, లేదా పేకాడుకునేవారు. బావ సైకిల్ ఎక్కి ఊరవతల గడ్డిమైదానానికి పోయేవాడు. మిల్లులో పనిచేసిన తెల్లదొర ఒకాయన దేశం వదిలి వెళ్తూ ఇచ్చిన జర్మనీ కెమెరా మెడలో వేసుకునేవాడు. సాయంత్రం వచ్చి అక్క పక్కన కూర్చుని, ఏ పిట్ట ఎలా నడిచింది, ఎలా తలతిప్పింది, చేసి చూపించేవాడు. అక్క నేస్తూనే వినేది. ఆమె కాళ్లు ఆగవు, అడ్డపోగు నడిపే నాడె విసిరే చేతులు ఆగవు. "ఊఁ, ఇంకా?" అనేది.

ఆ మైదానంలో బట్టమేక అనే పెద్ద పిట్ట ఉండేది. మరాఠీవాళ్లు మాళ్‌ఢోక్ అంటారు. మనిషి నడుమెత్తు ఉంటుంది. తెల్లటి మెడ, నల్లటి నెత్తి, సేటులాంటి నడక. వానకాలంలో మగపిట్ట రోజూ ఒకే గడ్డ మీదికి వచ్చి, మెడ కింద సంచిని గాలితో నింపి మోకాళ్ల దాకా వేలాడదీసి, తోక వీపు మీదికి లేపి, హుంకరిస్తుంది. బావ దాన్ని పేరుపెట్టి పిలిచేవాడు కాదు. "పెద్దమనిషి ఇయ్యాల జెర లేట్ అయిండు" అనేవాడు. మా మామగారి గురించి కూడా అంత మర్యాదగా మాట్లాడగా నేను వినలేదు.

ఆ పెద్దమనిషి మనిషిని చూస్తే ఆగడు. చూపు ఆనీ ఆనని దూరంలోనే వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోతాడు. దొర ఇచ్చిన కెమెరాలో ఉన్న లెన్సుతో తీస్తే ఫోటోలో ఆకాశం, గడ్డి, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్కను చూపించి బావ, "గీయన్నే" అనేవాడు. మేం నమ్మేవాళ్లం. ఏం చేస్తాం.

ఇంతలో ఆ చుక్కతో పనిపడింది. మేం నేసే చాదర్ దుప్పట్ల మీద నెమళ్లు, చిలుకలు ఉంటాయి కదా, అవి ఒక చాదర్ చూసి ఇంకో చాదర్ మీద, దాన్ని చూసి మరో చాదర్ మీద దింపినవి. అలా దిగీ దిగీ మా నెమలికి బాతు కాళ్లు వచ్చాయి. బావకు అది కంటగింపు. బతికున్న పిట్టను చూసి నమూనా గీసి నేస్తానని ఆయన మా చాదర్లు కొనే సేటుతో అన్నాడు. సేటు మావాడే, నల్గొండ జిల్లా నుంచి వచ్చినవాడు. "కొత్త పిట్టను తీస్కరా రాదూ. నచ్చితే ఆ నమూనా అంత నీకే నేతకిస్త" అన్నాడు. మర యంత్రాలు, మేం సాంచెలనేవాళ్లం, వీధివీధికీ దిగుతున్న కాలం. చేతిమగ్గానికి ఏదో ఒక ప్రత్యేకం లేకపోతే అన్నం పుట్టదని అందరికీ లోపల గుబులుగానే ఉంది. బావకు ఆ మాట పట్టుకుంది. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు కావాలి. కొత్తది బొంబాయిలో దొరుకుతుంది, కానీ దాని ధర విని వచ్చినవాళ్లు ఆ సంగతి తీర్థయాత్ర గురించి చెప్పినట్టు చెప్పేవారు.

స్టేషన్ దారిలో ఒక మరాఠీ ముసలాయన ఫోటో స్టూడియో మూసేస్తున్నాడని తెలిసింది. ఆ గదిలో మగ్గాలు పెట్టాలని ఆయన కొడుకు ఆలోచన. స్టూడియో సామానులో రెండు లెన్సులు మిగిలాయి. ఒకటి పొట్టిది, వెలుతురు బాగా పట్టేది. దాన్ని బావ తన పాత సామాను ఇచ్చి తెచ్చుకోవచ్చు. రెండోది మోచేయంత పొడవు, యుద్ధవిమానంలోంచి ఊడదీసి అమ్మినది. ఎవరో దానికి ఇత్తడి గొట్టం చేయించి మామూలు కెమెరాకు పట్టేలా తయారుచేశారు. గొట్టంలో గొట్టం. లోపలికీ బయటికీ జరుపుతూ బొమ్మను సాఫ్ చేసుకోవాలి. దీనికి ముసలాయన కొడుకు ఒక మగ్గం అడిగాడు. బావ తన మగ్గం ఇస్తానన్నాడు. ఆ కుర్రాడు ఇంటికొచ్చి వాళ్లిద్దరి మగ్గాలూ చూసి, ఇదే కావాలన్నట్టు అక్క మగ్గం ముందు నిలబడ్డాడు.

అక్క మగ్గం మా నాయన చేతులతో నిలబెట్టింది. కొయ్య ఆయన ఎంచింది, పైన నమూనా దింపే జకాట్ ఆయన కొన్నది. అక్క పెళ్లయి ఇక్కడికి వస్తే నాయన వెంట వచ్చి, ఉండి, కాళ్లు ఆడటానికి గుంట తవ్వించి, మగ్గం బిగించి, మొదటి వరస తాను నేసి వెళ్లాడు. గల్లీలో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టేవాళ్లే తప్ప మగ్గం మీద కూర్చున్నది అక్క ఒక్కతే. అందుకే అది నాకు కొయ్య కాదు.

బావ అక్క వైపు చూశాడు. అక్క, "లెన్సు మంచిదైతే తీస్కపోనీ" అంది.

షరతు ఇది. శ్రావణ పున్నమి దాకా లెన్సు బావ దగ్గర ఉంటుంది, మగ్గం ఎక్కడిదక్కడ. పున్నమిలోపు లెన్సు ఉన్నదున్నట్టు తిరిగిస్తే మాట రద్దు. ఇవ్వకపోయినా, ఏమైనా అయినా, పున్నమి మరునాడు బండి వచ్చి మగ్గం పట్టుకుపోతుంది.

ముందు ఏ లెన్సు తీసుకోవాలో తేల్చాలి. ముసలాయన రెండూ మా గల్లీకి పట్టుకొచ్చాడు. బావ చేసిన పరీక్ష ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అక్క నేసిన చాదర్ ఒకటి గల్లీ ఆ చివర పడుగు గుంజకు వేలాడగట్టాడు. ఈ చివర వెదురు కర్రల మీద కెమెరా. దాని నెత్తిమీద గాజుపలకలో బొమ్మ పడుతుంది. ఆ పలక మీద తన పోగుల అద్దం పెట్టి, ఎడమకన్ను మూసి వంగాడు. మగ్గాల చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. పొట్టి లెన్సులో చాదర్ కనపడింది గానీ పోగులు కలిసిపోయాయి. పొడుగు లెన్సు పెట్టి, గొట్టాన్ని లోపలికి పూర్తిగా నెట్టి చూశాడు. చాలాసేపు లేవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడని మా అందరికీ అర్థమైంది.

లేచి, "పోగు పోగు నిలవడి కనవడ్తుంది" అన్నాడు.

ముసలాయన తలూపి, "మైదానాత్ నేఊన్ బఘా" అన్నాడు. మైదానానికి తీసుకెళ్లి చూడమని.

"గల్లీల పోగు కనవడ్డది మైదానంల పిట్ట కనవడదా బాబా?" అన్నాడు బావ. గల్లీ అంతా నవ్వింది. పోగు కంటే సన్ననిది లోకంలో ఏముంటుందని మా అందరి ధీమా. నేను ఒక్కదాన్నే, "పొట్టిదే తీస్కో బావా. మగ్గం పోకుంట ఉంటది" అన్నాను. లెన్సు గురించి నాకేం తెలియదు, మగ్గం గురించి తెలుసు. "మరదలా, పోగు తెగితే ముడేస్కోవచ్చు. పోగు కనవడకుంటే ఎట్ల?" అన్నాడు. అలాంటి మాటలు ఆయన దగ్గర బస్తాల కొద్దీ ఉండేవి.

మర్నాడు తెల్లారకుండా మైదానానికి పోయాడు. పొద్దెక్కాక వచ్చాడు. ఏ పిట్టా చేసి చూపించలేదు. కెమెరా తీసి గల్లీ చివరికి గురిపెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. అక్క, "ఏమాయె?" అంటే, "ఏం లే" అన్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే.

ఇంట్లో గాలి మారిపోయింది. బావ నేస్తూ నేస్తూ ఆగి, చేతిని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టి చూసుకునేవాడు. ఒకరోజు అక్క లోపలికి వెళ్లినప్పుడు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "గా చౌక్‌ల దుకానం మీద ఏం రాసున్నది, సదువు" అన్నాడు. చదివాను. "నాకు కూడ కనవడ్తుంది" అన్నాడు, నన్ను ఒప్పించడానికన్నట్టు. నేసేవాడికి చూపు పోతే ఏమవుతుందో మా గల్లీలో గుమ్మాల ముందు కూర్చుని ఉన్న ముసలివాళ్లను చూస్తే తెలుస్తుంది. కోడళ్లు కంచం చేతికి అందిస్తారు. బావకు అప్పటికి నలభై కూడా లేవు.

చివరికి సంగతి బయటపడింది ఒక పడుగు వల్ల. ఎదురింటివాళ్లు తెల్లవారగానే పడుగు సాగదీశారు. బావ తన గుమ్మంలో కెమెరా పెట్టి, ఆ పడుగు వెంబడి చూపును నడిపించుకుంటూ పోయాడు. దగ్గర పోగులు సాఫ్. నడిమివి సాఫ్. ఆ చివర గుంజ దాకా గొట్టం లోపలికి నెడుతూ పోతే అన్నీ సాఫ్. గుంజ దాటి చౌక్ వైపు చూపు పోయేసరికి గొట్టం ఇక లోపలికి పోదు, బొమ్మ మసక. ఆయన కేక వేశాడు. నేను చాట కింద పెట్టి పరుగెత్తాను.

"నువ్వు జూడు. దుకానం బోర్డు సదువు."

గాజుపలకలో చూశాను. తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. "ఏం కనవడ్తలేదు బావా" అన్నాను.

"నీక్కూడ?"

"నాక్కూడ."

ఆయన మా గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయాడు. ముఖమంతా నవ్వు. కళ్లలో నీళ్లు. "నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అన్నాడు. లోపల మగ్గం చప్పుడు ఆగింది. అక్క గడపలోకి వచ్చి నిలబడింది. ఇన్నాళ్లూ ఆయన దాచానని అనుకున్నది ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసని ఆ ముఖం చూస్తే అర్థమైంది.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. కళ్లు మంచివైతే లెన్సు మంచిది కాదు. దాని చూపు మా గల్లీ పొడవే. పెద్దమనిషి ఉండేది అంతకు ఎన్నో రెట్లు అవతల. మేం గల్లీలో పుట్టి, గల్లీలో పడుగు సాగదీసి, గల్లీ చివరే లోకం చివర అనుకున్నవాళ్లం. పరీక్ష కూడా అంతలోనే పెట్టుకున్నాం.

బావ ఊరికే కూర్చోలేదు. పిట్ట దూరం తగ్గదు కదా, తానే దగ్గరవుదామనుకున్నాడు. కోరాబట్టను మట్టినీళ్లలో ముంచి డేరా కుట్టాడు. మైదానంలో ఆ గడ్డకు పడుగంత దూరంలో దాన్ని వేసి, లోపల కూర్చున్నాడు. పెద్దమనిషి మరో గడ్డ వెతుక్కున్నాడు. డేరా అక్కడికి మారింది. ఆయన మళ్లీ మారాడు. వాన పడ్డ రోజు బావ నిలువునా తడిసి, జ్వరంతో వచ్చాడు. పున్నమి దగ్గరపడుతోంది.

అశోక్ చౌక్ అవతల ఒక లేత్ మిస్త్రీ ఉండేవాడు. గొట్టం చూసి, "ఇది పొడుగైంది భాయ్. చిటికెన వేలి గోరంత కోస్తే లెన్సు ఇంకా లోపలికి పోతది. అప్పుడు ఆకాశం దాక సాఫ్ అయితది. కానీ ఒకసారి కోస్తే వాపస్ లేదు" అన్నాడట. కోసిన లెన్సు ఉన్నదున్నట్టు తిరిగిచ్చినట్టు కాదు. కోస్తే మగ్గం పోయినట్టే.

బావ రోజూ మిస్త్రీ దగ్గరికి పోతున్నాడు, రోజూ కోయకుండా తిరిగొస్తున్నాడు. మాలో ఒక పట్టింపు ఉంది. మగ్గం మీద పడుగు సగంలో ఉండగా దానికి కత్తి తగలనివ్వరు. చావు వచ్చినా, పెళ్లి వచ్చినా, పడుగు ఒడిసాకే, అంటే నేత పూర్తయ్యాకే, కోత. అక్క మగ్గం మీద చాదర్ సగంలో ఉంది. "పడుగు మీదున్నప్పుడు కోసుడు మంచిది గాదు" అని ఆయన గోడతో చెప్పినట్టు చెప్పాడు ఒకసారి. గొట్టానికీ పడుగుకూ సంబంధం ఏమిటని నేను అడగలేదు. భయపడ్డవాడికి పట్టింపు పనికొస్తుంది.

ఆ రోజుల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. పోట్లాడుకున్నా బాగుండేది. రెండు మగ్గాలు ఒకే గదిలో ఆడుతుంటే మధ్యలో నేను బీడీలు చుట్టడం నా వల్ల కాలేదు. ఒకసారి దారం కట్టాల్సిన చోట ఆకు చింపేశాను. అక్క రాత్రీ పగలూ లేకుండా నేస్తోంది. చాదర్ ఒడవడానికి వచ్చింది. లెన్సు తిరిగిచ్చేస్తే ఇంత తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు.

పున్నమికి ముందు రోజు బావ లెన్సును మెత్తటి బట్టలో చుట్టి, సంచిలో పెట్టి, గూట్లో పెట్టాడు. "మాపటికి ఇచ్చొస్త" అని స్నానానికి పోయాడు. అక్క మగ్గం దిగింది. సంచి తీసుకుంది. "నడువే" అంది నాతో.

చౌక్ దాటేదాకా స్టూడియోకే పోతున్నామనుకున్నాను. మిస్త్రీ దుకాణం ముందు ఆగింది. ఆమె చెయ్యి పట్టుకుని, "నాయన మగ్గమే అక్కా అది" అన్నాను.

"నాకు ఎర్కలేదా?"

"మరెందుకే?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గీ లెన్సు వాపస్ ఇచ్చినమనుకో. మగ్గం ఇంట్ల ఉంటది. ఆయన ఇంట్లనే ఉంటడు. నేను నాడె ఏసినప్పుడల్ల ఆ చప్పుడు ఇనుకుంట ఊకె కూసుంటడు. నా కోసం ఇడిసిపెట్టిన అని ఒక్కసారి కూడ అనడు. అనకపోయినా నేనే ఇనాలె, జిందగీ అంత. అది నాతోని కాదు." కాస్త ఆగి, "నన్ను అడిగితే కోయమనే అందును. అడగలే. గందుకే నాకు కోపం" అంది.

మిస్త్రీ గొట్టాన్ని బిగించి, మళ్లీ ఆలోచించుకోమన్నట్టు, "అమ్మా, సోచ్‌లో" అన్నాడు.

"కోయి భాయ్."

ఇత్తడి పొడి బంగారం రంగులో నేల మీద రాలింది. అంతే. మా నాయన నెల రోజులు నిలబెట్టిన మగ్గం, ఒక బీడీ తాగేంతలో పోయింది. నేను ఏడుస్తూ ఇంటికి వచ్చాను. అక్క ముందు నడిచింది.

బావ గుమ్మంలో వెతుకుతున్నాడు. అక్క సంచి చేతికిచ్చింది. ఆయన గొట్టం తీసి, కొత్తగా మెరుస్తున్న అంచు మీద వేలు పెట్టి చూశాడు. కెమెరాకు తగిలించి చౌక్ వైపు తిప్పాడు. వంగి, బోర్డు మీది మరాఠీ అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివాడు. బడిపిల్లాడిలా, ఒత్తులతో సహా.

"చాదర్ ఎల్లుండికి ఒడుస్తది" అంది అక్క. లోపలికి వెళ్లి మగ్గం ఎక్కింది.

ఫోటో ఏమైందని అడుగుతారు, ఇక్కడే చెప్పేస్తాను. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మెడ మీద ఈకల వరసలు కూడా లెక్కపెట్టొచ్చు, బావ లెక్కపెట్టాడు కూడా. నమూనా గీశాడు, జకాట్ అట్టలకు బెజ్జాలు కొట్టి తన మగ్గం మీద చాదర్ నేశాడు. సేటు దాన్ని ముందుకూ వెనక్కీ తిప్పి, "మంచిగనే ఉన్నది గానీ, గీ పిట్ట ఎవలకి ఎర్క? కొనెటోళ్లు కొంగ అంటరు. నెమలే నెయ్యి" అన్నాడు. ఆ తర్వాత మా బావ మళ్లీ బాతు కాళ్ల నెమళ్లే నేశాడు. అక్క బీడీల చాట పట్టి నా పక్కన కూర్చుంది. ఆమె చేతులు ఆకుకు అలవాటు పడటానికి చాలా కాలం పట్టింది. సేటును తిట్టాలో, బావను తిట్టాలో, గొట్టం చేసినవాణ్ని తిట్టాలో తెలియక నేను అందరినీ తిట్టేదాన్ని. ఇప్పటికీ నాకు ఆ మగ్గం పోయిందన్న కోపం పోలేదు. బావ పోయాడు గాని కోపం పోలేదు. ప్రేమ మాత్రం పోయిందా?

కానీ నేను చెప్పాలనుకున్నది పున్నమి మరునాటి సంగతి. ఆ రోజు బావ చీకటితోనే మైదానానికి వెళ్లాడు. వానలు వెనకబట్టే రోజులు, పెద్దమనిషి ఆ గడ్డ మీదికి ఇంకెన్నాళ్లు వస్తాడో తెలియదు. అక్క మధ్యాహ్నానికి చాదర్ ఒడగొట్టి, తన చేత్తోనే పడుగు కోసింది. బండి వచ్చింది. ముసలాయన కొడుకుతో వచ్చినవాళ్లు కొయ్యలు అడ్డదిడ్డంగా లాగుతుంటే, అక్క వాళ్లను పక్కకు జరగమని ఏ సీల ముందు తీయాలో, ఏ కొయ్య ఎటువైపుదో చూపిస్తూ తానే విప్పించింది. జకాట్ దించేటప్పుడు తాడు తాను పట్టుకుంది. బండి గల్లీ మలుపు తిరిగేదాకా ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి చూశారు. ఏడ్చింది నేను. అక్క చీపురు తెచ్చి ఊడ్చింది.

పొద్దు వాలుతుండగా బావ వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి గడపలో నిలబడిపోయాడు. గదిలో ఆ మూల అంత వెడల్పు ఉందని మాకెవ్వరికీ అంతవరకు తెలియదు. కొయ్యలు నిలిచిన చోట నాలుగు గుర్తులు, మధ్యలో అక్క కాళ్లు పెట్టుకునే గుంట.

"ఒచ్చిండా నీ పెద్దమనిషి?" అన్నాను. మర్యాదగా అనలేదు.

"ఒచ్చిండు."

"తీసినవా?"

"తీసిన."

కెమెరా మెడలోంచి కూడా తీయకుండా వెళ్లి గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలాడు. అక్క ఇన్నేళ్లూ తొక్కిన చోట ఆయన పాదాలు ఆనాయి. తల పైకెత్తలేదు. ఆ మనిషిని అలా చూడలేక, తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

అక్క జొన్నరొట్టె, పచ్చికారం పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. "గీడ కూసుంటే పళ్లెం ఏడ పెట్టాలె?" అంది. పళ్లెం గుంట అంచు మీద పెట్టి, ఎదురు అంచున తానూ కూర్చుని, కాళ్లు లోపలికి వదిలింది.

"మెడ సంచి ఎంత కిందికి జారింది?" అంది.

బావ ఒకసారి ఆమె ముఖంలోకి చూశాడు. చెయ్యి గొంతు కింద పెట్టుకుని, ఇంత, అని చూపించాడు. ఆ తర్వాత మాట మొదలైంది. గడ్డ మీదికి ఎలా ఎక్కిందో, ఎటు తిరిగిందో, ఎండ ఈక మీద ఎప్పుడు పడిందో, ఇన్నాళ్లు ఆగిపోయినదంతా ఒక్కసారి తోసుకొచ్చింది. ఒకదాని మీద ఒకటి పడి మాటలు తడబడుతున్నాయి. ఆమె నేస్తూ వింటుందనే అలవాటులో, నాడె చప్పుడును దాటి వినపడేలా గొంతు పెంచి గబగబా చెబుతున్నాడు. మగ్గం లేని గదిలో ఆ గొంతు మరీ పెద్దగా ఉంది.

అక్క రొట్టె తుంచి ఆయన వైపు జరిపింది.

"మెల్లగ జెప్పు" అంది. "ఇగ నాకేం పనున్నది."